ఆగ్నేయం ఖాళీ

తెనాలిలో పుట్టి, పాతికేళ్లు ఎండకు భయపడి మిట్టమధ్యాహ్నం గుమ్మం దిగని దశరథ, నలభై ఆరో ఏట ఎండను కొనుక్కోవాలని తీర్మానించాడు. ఎండను విడిగా అమ్మరు కాబట్టి దానితోపాటు ఒక ఇల్లు కూడా కొనక తప్పదు. ఆ ఇల్లు సైప్రస్ ద్వీపంలో, పాఫోస్‌కు పైన కొండల్లో ఒక చిన్న ఊళ్లో ఉంది. రాతి గోడలు, మూడు పడగ్గదులు, ముందొక వాకిలి, వాకిట్లో నిలబడితే దూరంగా సముద్రం. ఒక్కడివల్ల అయ్యే పని కాదు గనుక రెండు వీధుల అవతల ఉండే గోపాలరావును కలుపుకున్నాడు. చెరి సగం.

ఆదివారం మధ్యాహ్నం, వాళ్లంతా వలసవచ్చి స్థిరపడిన వానల దేశంలో, ఆడమ్స్‌టౌన్‌లోని దశరథ ఇంట్లో దాని మీద నాలుగో సమావేశం జరుగుతోంది. బయట జూన్ నెల వాన, తొందరేమీ లేనట్టు సన్నగా పడుతోంది. టీవీ తెర మీద ఇంటి ఫొటోలు. సోఫాలో దశరథ, గోపాలరావు. హాలూ వంటిల్లూ ఒకటే గది కావడంతో పొయ్యి దగ్గర పునుగులు వేస్తున్న దశరథ భార్య దమయంతి, పక్కన నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్న గోపాలరావు భార్య అనురాధ కూడా సమావేశానికి హాజరైనట్టే లెక్క.

"అన్నా, ఇది చూడు కిచెన్!" అన్నాడు గోపాలరావు. కరీంనగర్ మనిషి. గొంతు ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది. "ఎంత పెద్దగున్నది! మన రెండు కిచెన్లు కలిపినా గింత గాదు."

"దమయంతీ, ఒకసారి ఇటు చూడు. ఆరు బర్నర్లు! నీకోసమే కట్టినట్టు లేదూ?" అన్నాడు దశరథ.

దమయంతి చిల్లుల గరిటెతో పునుగులు పైకి తీసి, నూనె ఓడనిచ్చి, అప్పుడు తల తిప్పి చూసింది. నిజమే, ఆరు. ఇప్పుడు తన ముందున్నవి నాలుగు. ఇంకో రెండు పొయ్యిలు ఉంటే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఇంకో రెండు కూరలవుతాయి.

"బాగుంది" అంది. ఏం కొన్నా ఆమె ఇచ్చే అభిప్రాయం అదే కనుక ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

"చేపలు ఫ్రెష్‌గ దొరుకుతయట వదినా. పొద్దుగాల నేను, అన్న పోయి పట్టుకొస్తం. మీరు పులుసు పెట్టుడే."

"కడిగేదెవరు?" అంది అనురాధ, కత్తి ఆపకుండా.

"అరె, అదెంత పని!"

దమయంతి కూతురు నిఖిల మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. పదమూడేళ్లు. తెలుగు ముక్క పొల్లుపోకుండా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఆ చుట్టుపక్కల లూకన్ యాసలో ఇంగ్లీషే. "సో ఇట్స్ కిలార్నీ అగెయిన్, మామ్? బట్ విత్ సన్?"

కిలార్నీలో పోయిన ఆగస్టున రెండు కుటుంబాలూ నాలుగు రోజులకు ఇల్లు అద్దెకు తీసుకున్నాయి. కారు డిక్కీలోకి బట్టలకంటే ముందు పదికిలోల బియ్యం, రెండు కుక్కర్లు, దోసెల పిండి బకెట్టు, పోపుల డబ్బా ఎక్కాయి. ఆ ఊరి సరస్సును దమయంతి వంటింటి కిటికీలోంచి కనిపించినంత మేర చూసింది. సోమవారం ఆఫీసుకెళ్లి కుర్చీలో కూలబడితే ప్రాణం లేచొచ్చింది. హాలిడే ఎలా గడిచిందని పక్కసీటు ఆవిడ అడిగితే, "గ్రాండ్" అంది.

"ఇక వినండి. శుక్రవారం నాలుగింటికి లాయరు దగ్గరికి. నలుగురూ రావాలి, నాలుగు సంతకాలూ ఉంటేనే కుదురుతుందంట" అన్నాడు దశరథ, పునుగుల పళ్లెం అందుకుంటూ. "దానికి ముందు గురువారం పొద్దున్నే గురుమూర్తి గారి చేత వాస్తు చూపిస్తాను. ఆయన సరే అంటే ఇహ తిరుగు లేదు."

మంగళవారం ఉదయం ఆడమ్స్‌టౌన్‌లో రైలెక్కి కూర్చున్నాక దమయంతి ఫోన్లో దశరథ పంపిన ఎక్సెల్ షీటు తెరిచింది. ఆయన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు. ఇంట్లో పాలు అయిపోయినా దానికో పట్టిక వేయగలడు. ఇందులో ద్వీపానికి పట్టుకెళ్లాల్సిన వస్తువులన్నీ ఉన్నాయి, ఒక్కోదానికీ ఎదురుగా బాధ్యులెవరో ఉంది.

'వంట' అన్న పేజీలో అరవైనాలుగు వరసలు. వెట్ గ్రైండరు, ఇడ్లీ రేకులు, పులుసుకు మట్టి చట్టి, ఇంగువ, ఆవకాయ, గోంగూర, అప్పడాల కర్ర. బాధ్యులు దమయంతి, అనురాధ. దాని పక్కన 'విశ్రాంతి' అని ఇంకో పేజీ. అందులో ఐదు వరసలు. ఉయ్యాల, క్యారమ్ బోర్డు, చేపల గాలాలు, స్పీకరు, పడక కుర్చీలు. బాధ్యులు దశరథ, గోపాలరావు. పడక కుర్చీల ఎదురుగా ఎన్ని కావాలో కూడా రాశాడు. రెండు.

దమయంతి ఆ రెండును రెండుసార్లు చదివింది.

ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. ఇతరులు కట్టినదాంట్లో ఎక్కడ తప్పుందో పట్టుకున్నందుకు నెలనెలా జీతమిస్తారు. ఈ షీటులో తప్పు ఒక్కటీ లేదు. ఇన్నేళ్లుగా జరుగుతున్నదే ఉన్నదున్నట్టు రాశాడు. మొగుడి మీద కోపం వచ్చింది. అంత శ్రద్ధగా, అంత అమాయకంగా రాసినందుకు ఇంకా ఎక్కువ వచ్చింది. ఆఫీసు దగ్గరి హ్యూస్టన్ స్టేషన్లో దిగుతుండగా ఆయన దగ్గర్నుంచే మెసేజి. "గ్రైండర్ పెట్టే గట్టు లోతెంతో ఏజెంటు మార్తానడిగి కనుక్కో. కిచెన్ నీ డిపార్ట్‌మెంట్ కదా!"

లంచ్ టైములో ఆఫీసు క్యాంటీన్ మూల కూర్చుని మార్తాకు వీడియో కాల్ చేసింది. ఆ ఊళ్లో ఇళ్లమ్మిపెట్టే మనిషి మార్తా. అరవై దాటి ఉంటాయి, నెరిసిన జుట్టు ముడేసుకుని ఉంది. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుంటూ మాట్లాడుతుంది. ఫోను గోడకు ఆనించి, టేపు తెచ్చి గట్టు కొలిచి చెప్పింది.

"దీనిమీద ఏం పెడతారు?"

"పిండి రుబ్బే యంత్రం. లోపల రాయి ఉంటుంది, బరువు."

"ఎంతమందికి రుబ్బుతారు?"

"ఏడుగురం. మేం ముగ్గురం, వాళ్లు నలుగురు. ఆగస్టులో రెండు వారాలు."

మార్తా టేపును చుట్టి జేబులో పెట్టుకుంది. "మరి మీరు? సెలవులకు మీరు ఎక్కడికి వెళతారు?" అని అడిగింది. వెటకారమేమీ లేదు. తెలుసుకుందామనే అడిగింది.

దమయంతి పెరుగన్నం డబ్బా మూత పెట్టింది. మళ్లీ తీసింది.

"వంటిల్లు లేని ఇల్లేమైనా ఉందా?" అనేసింది.

మార్తా నవ్వబోయి, అవతలి మొహం చూసి మానుకుంది. ఉందిట. నాలుగిళ్ల పైన, అదే వీధిలో. కింద రెండు గదులు, మీద రెండు గదులు. వంటిల్లు ఒకప్పుడు పెరట్లో విడిగా ఉండేది, కప్పు కూలి చాలా ఏళ్లయింది. అది పాతకాలపు వీధి కావడంతో ఊరివాళ్ల నిబంధనలు గట్టివి. ఇంట్లో గానీ పెరట్లో గానీ కొత్తగా పొయ్యి కట్టనివ్వరు.

"ఆరేళ్లుగా ఎవరూ కొనలేదు. రాగానే వంటెక్కడ చేసుకోవాలి అంటారు, వెళ్లిపోతారు" అంది మార్తా. "వీధి చివర రొట్టెల దుకాణముంది. ఊరి నడిబొడ్డు చౌకులో భోజనశాల ఉంది. ఊరు ఊరంతా అక్కడే తింటుంది. ఆ సంగతి వాళ్లు వినరు."

బుధవారం సాయంత్రం వాన కాసేపు తెరిపిచ్చింది. దమయంతి, అనురాధ పార్కు చుట్టూ నడుస్తున్నారు.

"నిజంగనే వంటిల్లు లేదా అక్కా?"

"లేదు."

"మనవాళ్లు కడ్తమంటే?"

"కట్టనివ్వరు."

"కరెంటు పొయ్యి?"

"అదీ ఒప్పుకోరట. నీళ్లు కాచుకునే కెటిల్ ఒక్కటి పెట్టుకోవచ్చంది."

అనురాధ నడక ఆపేసింది. ఫార్మా కంపెనీలో పొద్దంతా నిలబడి పనిచేసి, ఇంటికొచ్చి మళ్లీ నిలబడే మనిషి. ఆమె మొహంలో మెల్లగా నవ్వు పుట్టి చెవులదాకా పాకింది.

"కెటిల్ చాలక్కా. చాయ్ ఎట్లనన్న వాళ్లే పెట్టుకుంటరు." అంతలోనే నవ్వు తగ్గిపోయింది. "గని వాళ్లకు చెప్పకుంట ఎట్ల?"

"చెప్పకుండా ఎందుకు? చెబుతాను. మొహం మీదే చెబుతాను."

"చెప్తే ఒప్పుకుంటరా?"

"వింటే కదా, ఒప్పుకోకపోవడానికి!"

ఆ మాట నిజమో కాదో ఆ పూటే తేలిపోయింది. దశరథ కంచం పక్కన ఇంటి నక్షా పరుచుకుని అన్నం తింటున్నాడు. దమయంతి పప్పు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"అదే వీధిలో ఇంకో ఇల్లుందట. ఇంకా చవక. కాకపోతే అందులో వంటిల్లు లేదు, కట్టుకోనివ్వరు కూడా."

"ఊఁ" అన్నాడు దశరథ నక్షా మీంచి చూపు తిప్పకుండా. రెండు ముద్దలు తిన్నాక తలెత్తాడు. "పప్పులో ఉప్పు తగ్గినట్టుంది."

గురువారం ఉదయం ఏడున్నరకు వాస్తు మొదలైంది. తెనాలిలో అప్పటికి మధ్యాహ్నం, సైప్రస్‌లో పొద్దెక్కింది. టీవీ తెర మీద ఒక సగంలో గురుమూర్తి సిద్ధాంతి, ఇంకో సగంలో ఫోను పట్టుకుని నడుస్తున్న మార్తా. ఆమె చేత దిక్సూచి కూడా తెప్పించాడు దశరథ. సిద్ధాంతి తెలుగులో అడగడం, దశరథ ఇంగ్లీషులో చెప్పడం, మార్తా తిరగడం. గోపాలరావు నిద్రకళ్లతో కాఫీ తాగుతున్నాడు. అనురాధ సోఫా చివర ఆఫీసు బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

సింహద్వారం బాగుంది. బావి లేదు, ఫరవాలేదు. మార్తా వంటింట్లోకి వెళ్లింది. దిక్సూచి ముల్లు ఊగి ఊగి నిలబడింది.

సిద్ధాంతి కళ్లజోడు సవరించుకున్నారు. "దశరథా, నాకు సరిగ్గా కనబడుతోందా? ఆ పొయ్యి ఈశాన్యంలో ఉందేంటయ్యా?"

దశరథ మొహం పాలిపోయింది. రెండుసార్లు మార్తాను వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు. పొయ్యి కదల్లేదు.

"ఈశాన్యంలో నిప్పా! ఆ ఇంటావిడ ఎలా బతికిందయ్యా ఇన్నాళ్లూ?"

దశరథ అడిగాడు. మార్తా చెప్పింది. ఆమె తొంభైనాలుగేళ్లు బతికిందట.

"చూశావా! ఈశాన్యం సరిగ్గా ఉండుంటే నూరు దాటేది" అన్నారు సిద్ధాంతి. "వద్దు నాయనా. ఊరికే ఇచ్చినా వద్దు."

గోపాలరావు కప్పు కింద పెట్టేశాడు. "కిచెన్‌ను గీ దిక్కు తిప్పలేమా సార్?" ఆగ్నేయానికి తిప్పుదామంటే అక్కడ మరుగుదొడ్డి ఉంది. రెండు నెలల సమావేశాలు, అరవైనాలుగు వరసలు, పడక కుర్చీలు, అంతా ఒక్క దిక్సూచి ముల్లు దగ్గర ఆగిపోయింది. దశరథను చూస్తే దమయంతికి జాలేసింది. అయినా ముందుకొచ్చి టీవీ ఎదుట నిలబడింది.

"మార్తా, ఆ పైనున్న ఇల్లు ఒకసారి చూపిస్తారా?" అని ఇంగ్లీషులో అడిగి, మొగుడివైపు తిరిగింది. "నిన్న చెప్పానే, ఆ ఇల్లు. వంటిల్లు లేనిది."

మార్తా ఎత్తు వీధిలో రొప్పుతూ నాలుగిళ్లు దాటింది. ఫోన్లో రాళ్లు, ఒక పిల్లి, నీలం తలుపు కనిపించాయి. లోపల గదులు చిన్నవి. కిటికీలోంచి మాత్రం సముద్రం ఇంకాస్త దగ్గరగా ఉంది.

"ఈశాన్యంలో ఏముంది?"

వాననీళ్ల తొట్టి ఉంది. సిద్ధాంతి వెనక్కి వాలారు. "ఆహా! నైరుతి?"

పెద్ద పడగ్గది.

"ఇహ చెప్పేదేముంది! వంటిల్లెక్కడ?"

దశరథ అడిగాడు. మార్తా చెయ్యి అడ్డంగా ఊపింది.

"లేదంటండీ" అన్నాడు దశరథ.

"మరి ఆగ్నేయంలో?"

"ఖాళీ."

ముప్ఫై ఏళ్లుగా ఇళ్లు చూస్తున్న సిద్ధాంతికి ఇలాంటిది తగల్లేదు. చేతివేళ్ల మీద ఏదో లెక్కవేసి, పక్కనున్న పుస్తకం తిరగేసి, చివరికి తలూపారు.

"వంటిల్లే లేనప్పుడు వంటింటి దోషం ఎక్కణ్ణుంచి వస్తుంది? దివ్యంగా ఉంది. కళ్లకద్దుకుని తీసుకో."

గోపాలరావు లేచి దశరథను కావలించుకున్నాడు. "ఆగ్నేయం ఖాళీ ఉంచిండన్నా దేవుడు మనకోసం! మంచి కిచెన్ మనమే కట్టుకుందాం, ఎనిమిది బర్నర్లతోని!"

"కట్టనివ్వరు" అంది దమయంతి.

"పర్మిషన్ పెడదాంలే. మొదట అందరూ అలానే అంటారు" అన్నాడు దశరథ, అప్పటికే షీటు తెరుస్తూ.

దమయంతి, అనురాధ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే నవ్వొచ్చేలా ఉంది.

శుక్రవారం నాలుగింటికి లూకన్ పల్లెలో మెడికల్ షాపు మీదున్న లాయరు కెవిన్ ఆఫీసులో నలుగురూ వరసగా కూర్చున్నారు. కెవిన్ ముక్కు నిండా మచ్చలున్న పొడుగాటి మనిషి. సైప్రస్‌లో తమ తరఫున పని జరిపించే వకీలుకు అధికారమిస్తూ ఈ నలుగురూ సంతకాలు చెయ్యాలి. చేసే ముందు, మార్తా రాత్రికి రాత్రే పంపిన కొత్త ఇంటి కాగితాల్లోని షరతులన్నీ చదివి వినిపించడం అతని ధర్మం. చదివాడు. హద్దులు, నీళ్లు, దారి. దశరథ ప్రతిదానికీ తలూపుతున్నాడు.

పదిహేడో షరతు దగ్గర కెవిన్ గొంతు సవరించుకున్నాడు. ఈ ఇంట్లోగానీ, పెరట్లోగానీ, ఇప్పటి యజమానులుగానీ, వారి తరవాతి యజమానులుగానీ, వంటగది, పొయ్యి, వంట చేసే ఏ పరికరమూ ఏనాడూ ఏర్పాటు చేయరాదు. అనుమతి కోరే హక్కు కూడా లేదు. చదివి తలెత్తి, ఇది మీకందరికీ సమ్మతమేనా అని అడిగాడు.

దశరథ తల సగం ఊగి ఆగిపోయింది.

"దమయంతీ, ఇందులో వంటిల్లు లేదటే!"

"లేదు. చెప్పాను."

"కట్టుకోకూడదట, ఎప్పటికీ!"

"అదీ చెప్పాను."

"ఎప్పుడు?"

"బుధవారం పప్పన్నంలో. నిన్న పొద్దున్న గురుమూర్తి గారి ముందు. ఇందాక కార్లో, మీరు పార్కింగు వెతుకుతుంటే."

"మరి పులుసు?" అన్నాడు గోపాలరావు. ఆ గొంతులో నిజమైన దుఃఖం ఉంది. సాయం కోసం పెళ్లాంవైపు తిరిగాడు. అనురాధ అప్పటికే పెన్ను మూత పెడుతోంది.

"నువ్వు సంతకం పెట్టినవా?"

"ఆడ పెట్టమన్నడు, పెట్టిన."

కెవిన్‌కు తెలుగు రాదు కాబట్టి మర్యాదగా కిటికీలోంచి వానను చూస్తున్నాడు. దశరథ కాగితాలు తన ముందుకు లాక్కుని పదిహేడో షరతును తనే మళ్లీ చదివాడు. ఆయన వద్దంటే అంతే, నాలుగు సంతకాల్లో ఒకటి తగ్గినా ఇల్లు లేదు. వచ్చేవారం ఇంకో సమావేశం, ఇంకో ఇల్లు, ఈసారి పొయ్యి సరిగ్గా ఆగ్నేయంలోనే ఉంటుంది. ఈ ఇల్లు తనకెంత కావాలో దమయంతికి అప్పుడు తెలిసింది. చూసినప్పట్నుంచీ ఆ నీలం తలుపు తోసుకుని లోపలికి పోయినట్టే ఉంది.

రెండ్రోజులుగా ఆమె జవాబులన్నీ సిద్ధం చేసుకుంది. ఏం తింటాం అంటే భోజనశాల. ఖర్చు అంటే ఇంటి ధరలో మిగిలిన తేడా. అమ్మాయికి పడకపోతే అంటే నిఖిల ఎలాగూ రొట్టె తప్ప తినదు. ఆయన ఏదడిగినా చెప్పగలదు.

దశరథ అవేవీ అడగలేదు. కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని భార్యవైపు చూశాడు.

"మరి ఆ రెండు వారాలూ నువ్వక్కడ ఏం చేస్తావు?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే ఆయనకు తోచలేదు. పందొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషిని, చేతిలో గరిటె లేకుండా, ఒక చోట ఊహించుకోవాలని చూస్తున్నాడు, రావడం లేదు.

దమయంతి జవాబు చెప్పబోయింది. లోపల వెతికితే ఏమీ దొరకలేదు. ఈత రాదు. మధ్యాహ్నం పడుకునే అలవాటు లేదు. పుస్తకం చదివి ఎన్నేళ్లయిందో. పొద్దున్న లేవగానే పిండి పులిసిందో లేదో చూడక్కర్లేని రోజున మనిషి మొదట ఏం చేస్తుంది? దాని గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదని ఇప్పుడు తట్టింది.

"తెలీదండీ" అంది.

అని, నవ్వేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వు మాత్రం ఆగలేదు. ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో ఆమెకు గుర్తు లేదు. "నిజంగా తెలీదు."

దశరథ చాలాసేపు ఆమెనే చూశాడు. కళ్లజోడు పెట్టుకుని, చూపించిన చోట సంతకం చేశాడు.

"అన్నా, నువ్వు గూడనా!" అన్నాడు గోపాలరావు. కాసేపు అటూ ఇటూ చూసి, ఆ భోజనశాల ఇంటినుంచి ఎన్ని అడుగులుంటుందని కెవిన్‌ను అడిగాడు. కెవిన్ తనకు తెలియదన్నాడు. గోపాలరావు నిట్టూర్చి సంతకం పెట్టాడు.

కెవిన్ కాగితాన్ని దమయంతివైపు తిప్పాడు. ఆఫీసులో రోజుకు పదిసార్లు పెట్టే పొట్టి సంతకం కాకుండా, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, తొందరపడకుండా రాసింది.